బొమ్మ వెనక వాక్యం

ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళింట్లో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియదు. యూనివర్సిటీలో పనిచేస్తుందంటే పాఠాలు చెబుతుందనుకున్నారు. పాఠాలు చెప్పదంటే ఫైళ్ళు చూస్తుందనుకున్నారు. అదీ కాదంటే, పోనీలే, వేళకి ఇంటికొస్తోంది కదా అని ఊరుకున్నారు. ఆవిడ భర్త బేకరీలో మాస్టరు. బేకరీకి వచ్చేవాళ్ళు ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. "ప్రొఫెసర్లు పిండి తెచ్చి పడేస్తారు. మా ఆవిడ దాన్ని రొట్టె చేస్తుంది." ఇంతకంటే మంచి నిర్వచనం ఆ యూనివర్సిటీ వెబ్‌సైటులో వెతికినా దొరకదు.

అది ఆన్‌లైన్‌లో డిగ్రీలు చదివించే విభాగం. విద్యార్థులు ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉంటారు. ఒకామె పసిపిల్లను పడుకోబెట్టి చదువుకుంటుంది, ఒకాయన లారీ దిగి చదువుకుంటాడు. ప్రొఫెసరు గారేమో గంటసేపు మాట్లాడిన వీడియో ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అందులో సగం పాఠం, తక్కినది దగ్గూ, చిన్నప్పటి కబుర్లూ. ఆవిడ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ముక్క ముక్కకీ మధ్య ఒక ప్రశ్న పెట్టి, వినపడనివాళ్ళ కోసం వీడియో కింద మాటలు ఎక్కించి, చూపు లేనివాళ్ళ కోసం ప్రతి బొమ్మ వెనకా ఒక వివరణ రాస్తుంది. ఆ వివరణ తెర మీద కనబడదు. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ అని ఒక సాఫ్ట్‌వేర్ వాడతారు. పేజీలో ఉన్నదంతా అది గొంతెత్తి చదివి వినిపిస్తుంది. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి దాని వెనక రాసిపెట్టిన వివరణ చదువుతుంది. చూసేవాళ్ళకి బొమ్మ, వినేవాళ్ళకి మాట.

"ఈ బొమ్మలో ఏముందండీ? కొంచెం వివరాలు చెప్పండి" అంటూ ఆవిడ ప్రొఫెసర్ల వెంటపడేది. భోజనాల గదిలో వదలదు, లిఫ్టులో వదలదు. ఒకాయన విసిగిపోయి "అమ్మా వివరాలమ్మా, నన్నొదిలెయ్" అని దణ్ణం పెట్టాడు. ఆ పేరు అతుక్కుపోయింది. మొదట్లో వెటకారానికే అన్నారు. తర్వాత్తర్వాత ఫోన్లో కూడా "హలో, వివరాలమ్మ గారేనా?" అని మర్యాదగా అడగడం మొదలుపెట్టారు. ఆవిడ కూడా "ఆఁ, నేనే" అనేది.

ఈ విద్య ఆవిడకి ఏ కాలేజీలోనూ అబ్బలేదు, వాళ్ళ నాయనమ్మ దగ్గర అబ్బింది. ముసలావిడకి చూపు పోయాక కూడా టీవీలో సినిమాల పిచ్చి పోలేదు. మనవరాలు పక్కన కూర్చుని తలుపెవరు తీశారో, ఎవరి మొహం ఎలా మాడిందో చెప్పాలి. హత్యల సినిమా అయితే నాయనమ్మకి మరీ తొందర. "దొంగవెధవ ఎవడో ముందే చెప్పేసెయ్యవే. నా గుండె అంతసేపు తట్టుకోలేదు" అనేది. మనవరాలు చెప్పేసేది. అడిగినదానికన్నా ఓ పిసరు ఎక్కువే చెప్పడం ఆ పిల్లకి ప్రేమ లెక్కన అలవాటైపోయింది. చెడ్డ అలవాటని ఎవరంటారు?

విభాగంలో చేరిన కొత్తల్లో మాత్రం వివరాలమ్మ కూడా అందరిలాగే ముఖ్యమైన బొమ్మలకే వివరణ రాసి, మిగతావి వదిలేసేది. ఒకరోజు ఫోనొచ్చింది. ఆడగొంతు, గట్టి గొంతు.

"మేడమ్, మీ మూడో పాఠంలో బొమ్మ దగ్గర 'బొమ్మ' అని మాత్రం చెప్పి ఊరుకుంటోంది. బొమ్మని నాకూ తెలుసండి. ఏం బొమ్మో చెప్పండి."

ఆ అమ్మాయి ఒక పెద్ద ఆసుపత్రిలో ఎంక్వైరీ ఫోన్లు ఎత్తుతుంది. పుట్టుకతోనే చూపు లేదు. ఏ డాక్టరు ఎప్పుడుంటాడన్న ప్రశ్నకి ఏళ్ళ తరబడి జవాబు చెప్పి చెప్పి, ఇక చాలనుకుని గణాంకాల డిగ్రీలో చేరింది. డిగ్రీ పూర్తిచేస్తే ఆసుపత్రి లెక్కల విభాగంలో కుర్చీ నీదేనని పై అధికారి మాటిచ్చాడు. ఆ కుర్చీ కోసం బస్సులో చదివింది, డ్యూటీ మధ్యలో చదివింది. ఆ ఫోను వచ్చిన రోజు నుంచి వివరాలమ్మ ఒక్క బొమ్మనీ వదల్లేదు. ఆ అమ్మాయి ఆవిడని మేడమ్ అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది. ఇంత పని చేశాక వివరాలమ్మ చూపులేనివారికి బొమ్మలు ఎలా వివరించాలో ఒక చిన్న పుస్తకం కూడా రాసింది. యూనివర్సిటీ దాన్ని అచ్చు వేసింది. వేరే యూనివర్సిటీల వాళ్ళు కూడా అడిగి తీసుకువెళ్ళారు. ఆవిడ తల ఎత్తుకు తిరిగింది. ఎందుకు తిరగకూడదు? కష్టపడి సంపాదించుకున్న పేరు.

చివరి ఏడాది పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం గణాంకాల ప్రొఫెసరు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆవిడ గదిలోకి వచ్చాడు. మంచివాడే కానీ ముక్కు మీద కోపం. పేపర్లకి జవాబుల కీ రాసేటప్పుడు కూడా భాష సోకుగా ఉండాలనే మనిషి.

"చూడండమ్మా. సబ్బుల కంపెనీ ప్రకటన ప్రశ్న గుర్తుందిగా? రెండు స్తంభాల బొమ్మ. ఈ బొమ్మ మనల్ని ఎలా మోసం చేస్తోందో చెప్పమన్నాను. ఇది నా కీ. 'నిలువు గీత మీది అంకెలను సున్నా నుంచి కాక తొంభై నుంచి మొదలుపెట్టి, గోరంత తేడాను కొండంత చేసి చూపించారు.' ఇదిగో, ఇది ఆ ఆసుపత్రి అమ్మాయి జవాబు. చదవండి."

చదవక్కర్లేకపోయింది. ఆ వాక్యమే.

"ఒక్క మాట కలిస్తే సరేలే అనుకుందును. వాక్యం వాక్యమే దిగిపోయింది! కీ బయటికెలా పోయిందో తేలాలి. పైగా పిలిచి అడిగితే ఏమందో తెలుసా? 'పేపర్లోనే ఉందండీ' అంది. పేపరంతా కమిటీలో అందరం చూశాం. ప్రశ్న ఉంది, బొమ్మ ఉంది. ఆ ముక్క ఎక్కడుంది? పాపం చూపులేని పిల్ల కదా అనుకుంటే, మా కళ్ళకే గంతలు కట్టబోయింది. రేపు మీటింగు. కాపీ అని తేలితే కోర్సులోంచి తీసేస్తారు, మళ్ళీ చేర్చుకోరు."

పేపర్లోనే ఉందన్న మాట దగ్గరే వివరాలమ్మ ఆగిపోయింది. ఆయన వెళ్ళాక పేపరు తెరిచి, సబ్బుల బొమ్మ వెనక తను రాసిన వివరణ చూసింది. పక్కపక్కన రెండు స్తంభాలు, ఒకటి తొంభై రెండు, రెండోది తొంభై ఆరు, అంటూ మొదలై, ఆ పైన ప్రొఫెసరు గారి సోకు వాక్యం పొల్లుపోకుండా ఉంది.

ఎలా జరిగిందో తలుచుకుంటే తెలిసిపోయింది. పేపరు తయారుచేసేది ఆవిడే కాబట్టి కీ కూడా ఆవిడ దగ్గరే ఉంది. తెర మీద ఒక కిటికీలో కీ, ఇంకో కిటికీలో బొమ్మ. బొమ్మలోని అసలు సంగతేమిటో ముందు చెప్పాలి, అది ఆవిడ పుస్తకంలో మొదటి సూత్రం. అసలు సంగతి కీలో ఎంత చక్కగా ఉంది! చేతికి అందిన వాక్యాన్ని ఎత్తి బొమ్మ వెనక పెట్టేసింది. పాఠంలో అయితే అది ధర్మమే. పరీక్షలో అసలు సంగతంటే జవాబే కదా! ఆ తేడా సూత్రాలు రాసిన మనిషికే తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఆవిడకి తెలుసు. ఆ వాక్యం ఉందని ఈ భవనంలో ఎవరికీ తెలియదు. ఒక్క మీట నొక్కి తుడిచేస్తే ఉన్నదన్న ఆనవాలు కోసం వెతికేవాడూ ఉండడు. పుస్తకం పరువు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. ఆవిడ చెయ్యి మౌస్ మీదికి పోలేదంటే అబద్ధమవుతుంది. పోయింది. అక్కడే కాసేపు ఉంది కూడా.

అంతలో ఫోను మోగింది. ఆసుపత్రి అమ్మాయి. ఆ గట్టి గొంతు ఆ రోజు గట్టిగా లేదు.

"అక్కా, నేను నిజంగా పేపర్లో విన్నదే రాశాను. ఇంత తేలిక ప్రశ్న ఇచ్చారేంటా అనుకున్నాను కూడా. వాళ్ళేమో అలాంటిదేం లేదంటున్నారు. చూసేవాళ్ళకి బొమ్మ కింద ఆ మాట కనబడదా?"

"కనబడదమ్మా."

"అయ్యో! మరి వాళ్ళంతా ఎలా రాశారు?"

"జుట్టు పీక్కుని రాశారు" అంది వివరాలమ్మ. ఆ మాట అంటుండగానే ఆవిడ చెయ్యి మౌస్ మీద నుంచి వచ్చేసింది. "రేపు మీటింగుకి నువ్వు భయపడకుండా రా. తప్పు నీది కాదు. ఎవరిదో నేను చెబుతాను."

సాయంత్రం ఇంట్లో భర్తకి అంతా చెప్పింది. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"రొట్టె మాడితే మాడిందని చెప్పి మళ్ళీ పిండి కలుపుతాం. కొన్నవాడి నాలుకదే తప్పని అంటామా?" అన్నాడు.

"మీకేం, చెబుతారు. పోయేది నా పరువు."

"పోదులే. పోయినా నా దగ్గర కొంచెం ఉంది, వాడుకుందువు గాని."

ఆవిడకి నవ్వు రాలేదు కానీ ధైర్యం వచ్చింది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, గోడ మీద పెద్ద తెర. డీన్ మేడమ్ మధ్యలో, పక్కన ప్రొఫెసరు, అటు పరీక్షల ఆఫీసరు. అమ్మాయి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఆసుపత్రి యూనిఫాం, చేతిలో మడతపెట్టిన తెల్లకర్ర. కుర్చీలో నిటారుగా కూర్చుంది. తెర మీద సబ్బుల ప్రశ్న వేసి ఉంది. డీన్ మేడమ్ దాన్ని చూపించి "ఇందులో ఆ వాక్యం ఎక్కడుందమ్మా?" అని అడగబోయి, ఎవరిని అడుగుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది.

వివరాలమ్మ లేచింది. "మేడమ్, ఒక్క నిమిషం ఆ తెర ఆపేయించండి. పేపరు మనమంతా చూశాం. వినలేదు."

తెర ఆరిపోయింది. ఆవిడ తన ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ పెట్టి, శబ్దం పెంచింది. ఉప్పూకారం లేని ఆ యంత్రపు గొంతు ప్రశ్న చదివింది. మార్కులు చదివింది. బొమ్మ, అంది. రెండు స్తంభాలు, అంది. ఆ తర్వాత తొణక్కుండా బెణక్కుండా గోరంత తేడాను కొండంత చేసి చూపించారు, అంది.

ప్రొఫెసరు నోరు వెళ్ళబెట్టాడు. "ఇది... ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"బొమ్మ వెనక నుంచండి. రాసింది నేను. మీ కీ పక్కన పెట్టుకుని, మీ వాక్యం బాగుందని ఎత్తి పెట్టాను. ఈ అమ్మాయి ఎక్కడా ఏమీ దొంగిలించలేదు. ప్రశ్నతో పాటే జవాబు కూడా నేనే చేతిలో పెట్టాను. పేపర్లోనే ఉందని తను చెప్పింది నిజం."

"మీరు తుడిచేసి ఊరుకుంటే మాకెప్పటికీ తెలిసేది కాదు కదా?" అంది డీన్ మేడమ్ నెమ్మదిగా.

"తెలిసేది కాదండి."

డీన్ మేడమ్ జాగ్రత్తగా ఉండాల్సిందని ఆవిడని మందలించింది, అది న్యాయమే. కేసు అక్కడికక్కడే కొట్టేసింది. ప్రొఫెసరు లేచి అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. కోపం వచ్చినంత తొందరగానే కరిగిపోయే మనిషి.

"క్షమించమ్మా. నోటికొచ్చినట్టు అన్నాను. పొరపాటు మాది కాబట్టి ఆ పది మార్కులూ నీకు ఉంచేస్తాం. దిగులుపడకు, డిగ్రీ వచ్చేసినట్టే."

ఇక్కడితో కథ కంచికి వెళ్ళిపోవాలి. వెళ్ళనివ్వలేదు ఆ అమ్మాయి.

"వద్దండి" అంది. గొంతు మళ్ళీ గట్టిపడింది. "నన్ను మీరు ప్రశ్నే అడగలేదు సార్. జవాబు చెప్పి, అప్పజెప్పమన్నారు. ఆ మార్కులు నావెలా అవుతాయి? రేపు ఆసుపత్రి లెక్కల్లో ఇలాంటి బొమ్మ నా ముందుకొస్తే మోసం పట్టుకోగలనో లేదో నాకే తెలియదు. నన్ను మళ్ళీ అడగండి. చూసేవాళ్ళకి ఎంత కనబడుతుందో నాకూ అంతే వినబడాలి. ఎక్కువొద్దు, తక్కువొద్దు. నాకొక్కదానికే కాదు, అందరికీ మళ్ళీ పెట్టండి."

"ఫెయిలైతే?" అన్నాడు పరీక్షల ఆఫీసరు.

"అయితే అవుతాను. అందరూ అవ్వట్లేదా?"

ఇన్నేళ్ళుగా వివరాలమ్మ చేస్తున్న పనికి అర్థమేమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. తన పుస్తకంలో కూడా ఆ మాట లేదు. తను ప్రేమతో పెట్టిన ఆ పిసరు ఎక్కువే ఈ పిల్ల మెడకి చుట్టుకుంది. ఆ పిల్ల ఆ ప్రేమని వద్దంటోంది, సమానం కావాలంటోంది. ఆవిడకి సిగ్గు వేసింది, సిగ్గుకి రెట్టింపు గర్వమూ వేసింది.

ప్రశ్న రద్దుచేసి అందరికీ కొత్తది పెట్టారు. క్లాసు క్లాసంతా గగ్గోలు పెట్టింది. లారీ ఆయన ఫోన్ చేసి మరీ తిట్టాడు. కొత్త బొమ్మ బస్సుల కంపెనీ ప్రచారం. ప్రయాణికుల సంఖ్య ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరినట్టు ఒక గీత. అందులో మోసాలు రెండు. కింద ఏళ్ళ గుర్తులన్నీ సమాన దూరంలో ఉంటాయి కానీ, మొదటివి ఏడాదికొకటి, చివరిది అయిదేళ్ళ తర్వాతది. అయిదేళ్ళలో పెరిగింది ఒక్క ఏడాదిలో పెరిగినట్టు కనబడుతుంది. ఇక బొమ్మ పైన రాసింది ప్రయాణికులని, గీత పక్కన రాసింది అమ్మిన టికెట్లని.

దానికి వివరణ రాయడం వివరాలమ్మకి చుక్కలు చూపించింది. 'సమాన దూరంలో' అన్న మాట ఉండాలా వద్దా అని ఆవిడా ప్రొఫెసరూ పోట్లాడుకున్నారు.

"అది చెబితే గుట్టు విప్పినట్టే" అన్నాడాయన.

"చూసేవాడి కంటికి ఆ దూరం కనబడుతోందా లేదా?"

"కనబడుతోంది."

"అయితే చెప్పాల్సిందే. మోసం అన్న మాట మాత్రం చెప్పకూడదు. కనబడేది నేను చెబుతాను, కనిపెట్టేది వాళ్ళ పని."

ఆ రోజు ఆవిడ ఇంట్లో వంటింటి బల్ల దగ్గర భర్తని కూర్చోబెట్టి, బొమ్మ చూపించకుండా వివరణ చదివింది. కాగితం మీద గీయమంది. మొదటిసారి ఆయన పాములాంటిదేదో గీశాడు. ఇంకా చాలదన్నమాట అనుకుని మార్చింది. రెండోసారి గీస్తూ గీస్తూ "ఓహో, ఇక్కడ అయిదేళ్ళు మింగేశారా" అని వెంటనే అనేశాడు. ఎక్కువైపోయిందన్నమాట అని మళ్ళీ మార్చింది. ఆ బస్సుల గీత గీసి గీసి ఆయన అలిసిపోయి, నాకు రొట్టెలే నయమన్నాడు. చివరికి గీసింది చూస్తే అచ్చు పేపర్లో బొమ్మలాగే ఉంది, మోసం మాత్రం ఆయన గెడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచిస్తే గానీ తట్టలేదు. వివరాలమ్మ ఆ కాగితం చూసి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఆ విభాగంలో ఒక పద్ధతి మొదలైంది. పేపరు బయటికి వెళ్ళేముందు, దాన్ని రాసిన ప్రొఫెసరు తెర ఆపేసి ఒకసారి మొత్తం వినాలి. 'పేపరు విన్నారా?' అని అడగడం మామూలైపోయింది. మొదట విన్నది గణాంకాల ప్రొఫెసరే. వివరాలమ్మ పుస్తకం మళ్ళీ అచ్చైంది. పరీక్షల గురించి కొత్త అధ్యాయం చేరింది. తన తప్పు ఎలా జరిగిందో ఆవిడ అందులో పూసగుచ్చినట్టు రాసుకుంది. పరువు పోతుందని ఎంత భయపడిందో ఆ పరువు అంతకు రెట్టింపై కూర్చుంది.

కొత్త పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు ఆవిడ కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. ఆసుపత్రి రొద, అందులోంచి ఆ గొంతు.

"అక్కా! పాసయ్యాను! ఆ ప్రశ్నకి పదికి ఏడొచ్చాయి!"

వివరాలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ పనిమంతుల బుద్ధి ఊరుకోదు కదా. "మూడెక్కడ పోయాయే?" అంది కంగారుగా. తన వివరణలో మళ్ళీ ఏదైనా లోటు జరిగిందేమోనని.

"ఏళ్ళ మోసం ఇట్టే పట్టేశాను. టికెట్ల దగ్గర బోర్లాపడ్డాను. పైన ప్రయాణికులని, పక్కన టికెట్లని రెండూ స్పష్టంగా విన్నానక్కా. రెండూ ఒకటి కాదని నా బుర్రకి తట్టొద్దూ? పొద్దునొకటి సాయంత్రమొకటి రోజూ రెండు టికెట్లు కొనేదాన్ని నేనే!"

వివరాలమ్మ ఊపిరి పీల్చుకుంది. "సార్ ఇందాకే చెప్పారు. సగం క్లాసు అక్కడే పడిందట. లారీ ఆయనకీ మూడు పోయాయట."

ఆసుపత్రిలో ఎవరినో ఎవరో పిలుస్తున్నారు.

"చూసేవాళ్ళు కూడానా అక్కా?"

"చూసేవాళ్ళు కూడా."

ఆ అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. పాసయ్యానని చెప్పినప్పుడు కూడా అంతగా నవ్వలేదు. వివరాలమ్మ కాఫీ సంగతి మరిచిపోయి, ఫోను చెవికి నొక్కుకుని, ఆ నవ్వు వింటూ నిలబడింది. ఆ ఏడు మార్కులూ ఆ పిల్ల తెలివికి వచ్చాయి. పోయిన మూడూ అందరికీ పోయినట్టే పోయాయి.